పసుపెక్కిన వెండి

బుధవారం పొద్దున ప్రాసెస్ హౌస్ నుంచి టెంపోలో తిరిగొచ్చిన మొదటి తాను విప్పగానే సిద్ధిరాములు దొంగ ఎవరో తేల్చేసుకున్నాడు. గుడ్డలో తేడా వచ్చిందంటే దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి ఎవరిదో తెలిస్తే సగం నష్టం తిరిగొచ్చినట్టే. భివండీ నాగావ్‌లో ఇరవై సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతూ అతను నేర్చుకున్న లెక్క అది.

తెల్లటి పాలిస్టర్ గుడ్డ. జానెడుకొక వెండి గీత. వారం కింద తన కార్ఖానా దాటేటప్పుడు ఆ గీతలు కొత్త బ్లేడు మీద నీలి ఛాయ ఆడినట్టు మెరిశాయి. ఆ మెరుపు కోసమే ముంబై వ్యాపారి సూరత్ నుంచి పన్నెండు కోన్‌ల దారం తెప్పించి అతని చేతిలో పెట్టాడు. ఇప్పుడా గీతలు పసుపు రంగులో ఉన్నాయి. బంగారం పసుపు కూడా కాదు. బీడీలు కాల్చేవాడి వేళ్ళకు అంటుకునే పసుపు.

రెండో తాను విప్పాడు. మూడోది విప్పాడు. అన్నీ అంతే.

చప్పుడులో మాట వినపడదని పదకొండో సాంచ వైపు చేయి ఊపాడు. కనుకయ్య వెంటనే ఆపలేదు. దారం మోసే నాడె అటు చివర పెట్టెలో చేరేదాకా ఆగి, అప్పుడు మోటారు కట్టేసి, చేతులు బనీనుకు తుడుచుకుంటూ వచ్చాడు. ఆ వెండి గీతల పని కార్ఖానాలో ఇంకెవరికీ చేతకాలేదు. జానెడు నేయాలి, సాంచ ఆపాలి, తెల్ల దారం నాడె తీసి వెండి దారం నాడె పెట్టాలి, ఎనిమిది పోగులు పోయాక మళ్ళీ మార్చాలి. ఆ దారం గుండ్రంగా ఉండదు. సన్నటి రిబ్బనులా చదునుగా ఉంటుంది. మెలిక పడితే మెరుపు చెడుతుంది. దారం తొందరపడి జారకుండా కనుకయ్య నాడె లోపల తన కూతురి పాత స్వెట్టరు ముక్క అంటించుకున్నాడు. పదకొండు కోన్‌లు అలా నేశాడు. పన్నెండోది విప్పకుండా మిగిలింది.

సిద్ధిరాములు గుడ్డను అతని కాళ్ళ ముందు పడేశాడు. "ఏందిది?"

కనుకయ్య కూర్చుని ఒక గీతను బొటనవేలితో తడిమాడు. "నేసింది నేనే సేటూ. రంగే గిట్ల లేకుండె."

"నేసినప్పుడు నీలం. తిరిగొచ్చినంక పసుపు. నడుమ ఏమైంది?"

"నాకేం ఎరుక. నేసి నీకు అప్పజెప్పిన."

"నాకెరుక. కోన్‌లు మార్చినవ్. అసలు మాల్ అమ్ముకున్నవ్. పైన రంగు పూసిన నకిలీ దారం తెచ్చి నేసినవ్. ప్రాసెస్ హౌస్ భట్టీ వేడికి రంగు పోయింది, లోపలిది బయటపడ్డది."

"పొద్దున నువ్వే తూకమేసి ఇస్తివి. సాయంత్రం నువ్వే తూకమేసి తీసుకుంటివి. గ్రామన్న తక్కువొచ్చిందా?"

తక్కువ రాలేదు. సిద్ధిరాములుకు ఆ సంగతి తెలుసు. బీరువా తాళం చెవి అతని మొలతాడుకే ఉంటుంది, స్నానానికి కూడా తీయడు. తూకం ఒక్కరోజూ తేడా రాలేదు. అయితే నిజాయితీ గల మనిషి దగ్గర దారంలో అంతో ఇంతో తరుగు పోవాలి కదా. గ్రాము కూడా తేడా లేదంటే బరువుకు బరువు పెట్టాడన్నమాట. అలా ఆలోచించేసరికి కనుకయ్య తరఫున ఉన్న ఒక్క సాక్ష్యం కూడా ఇటు వైపు వచ్చేసింది.

మాటల మధ్యలోనే పక్క సాంచ మీద పోగు తెగింది. అక్కడున్న బీహారీ కుర్రాడు భయపడి చూస్తుంటే సిద్ధిరాములు అటు వంగి తెగిన కొసలు రెండూ పట్టుకుని ముడేశాడు. చిటికెన వేలి మీదుగా రెండు చుట్లు తిప్పి, గోటితో నొక్కి, కొస వెనక్కి మడిచే ముడి. భివండీలో అందరూ వేసేది ఒక చుట్టే. ఇది సిరిసిల్లలో అతని తండ్రి మగ్గం మీద వేసిన ముడి. అందుకే సేట్లందరూ అతన్ని వెనకాల రెండుచుట్ల సిద్ధిరాములు అంటారు. అతనికి ఆ పేరు తెలుసు, కొంచెం ఇష్టం కూడా.

"గుండు తీసుకరా," అన్నాడు కుర్రాడితో.

గుండు అంటే తండ్రి నాటి పావుకిలో ఇత్తడి తూకం రాయి. జరీ అసలుదో నకిలీదో తేల్చడానికి ఆ ఇంట్లో తరతరాల పద్ధతి ఒకటే. గుండును పొయ్యి మీద కాల్చాలి. నీటి చుక్క చిలకరిస్తే ఇగిరిపోకుండా గుండ్రంగా చుట్టుకుని దొర్లేంత వేడెక్కాలి. అప్పుడు దారం దాని మీద పరిచి, కర్రతో అదిమిపట్టి, నూరు లెక్కపెట్టాలి. వెండి వెండిలాగే ఉంటుంది. పూసిన రంగు ఉండదు.

కనుకయ్య సాంచ మీద నాడెలో పెట్టే కండె ఒకదానిలో ఇంకా రెండు మూరల వెండి దారం మిగిలి ఉంది. నీలంగానే మెరుస్తోంది. సిద్ధిరాములు దానిలో మూరెడు లాగి తెంపి, చాయ్ పొయ్యి మీద కాలిన గుండుకు అదిమిపట్టాడు. చుట్టూ ఎనిమిది మంది నిలబడ్డారు. ముప్పై దాకా ఏమీ కాలేదు. యాభై దాటాక నీలం మసకబారింది. నూరు అయ్యేసరికి కర్ర కింద దారం పసుపు తిరిగింది.

"చూసిన్రా?" అన్నాడు.

"కండెల నువ్వు పెట్టినదే ఉన్నది సేటూ. నేనేం పెట్టలె," అన్నాడు కనుకయ్య.

"నేనిచ్చింది వెండి. వెండి పసుపు గాదు. పో. ఇయ్యాల్టి నుంచి నా గడప ఎక్కకు."

కనుకయ్య నాడె లోంచి స్వెట్టరు ముక్క ఊడదీసి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. సిద్ధిరాములు ఫోన్ తీసి సాంచాల సేట్ల గ్రూపులో అతని ఫోటో పెట్టి, కింద రెండు మాటలు రాశాడు. చోరీ మనిషి, ఎవరూ పెట్టుకోవద్దు. మధ్యాహ్నానికి నార్పోలి నుంచి గైబీ నగర్ దాకా ఆ ఫోటో చూడని కార్ఖానా లేదు. భివండీలో సాంచ తప్ప ఇంకో పని రాని మనిషికి ఆ రెండు మాటలు చాలు. సిద్ధిరాములు కావాలనే చాలినన్ని రాశాడు.

గురువారం పొద్దున గైబీ నగర్ నుంచి బుచ్చిరాములు ఫోన్ చేశాడు. అక్కడ ఎనభై సాంచాల సేటు, తెలుగు సమాజానికి పెద్ద. "మీ కనుకయ్య నా దగ్గర పని అడగనీకి వచ్చిండు తమ్మీ. నువ్వు పెట్టిన ఫోటో చూసి పంపించేసిన. ఖాయమే కదా?"

"గుండు మీద తేల్చిన అన్నా."

"అయితే ఖాయమే," అని పెట్టేశాడు బుచ్చిరాములు.

రాత్రి భోజనాల దగ్గర సిద్ధిరాములు ఆ సంగతి మళ్ళీ చెప్పుకున్నాడు. కూతురు కాజల్ కల్యాణ్ కాలేజీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది. రొట్టె తుంచుతూ వింటూనే ఉంది.

"బీరువల ఉన్న కోన్ కూడ కాల్చినవా బాపూ?" అంది.

"అదెందుకు కాల్చాలె? అది నా తాళంల ఉన్నది."

"కాల్చకపోతే కనుకయ్యది వేరే దారమని నీకెట్ల తెలిసె?"

"పసుపైంది కదా."

"ఐక్ నా బాపూ, ఒక్క నిమిషం విను. ఇది కూడ పసుపైతే?"

సిద్ధిరాములు చెయ్యి కడుక్కున్నాడు. "వెండి వేడికి రంగు మారుతదా? మీ అమ్మ పట్టీలు ఎన్నిసార్లు పొయ్యి మీద కాల్చి కడిగించిన్రో అడుగు. నీ కాలేజీల గిదే చెప్తున్నరా, సేటు తప్పు, కూలోడు ఒప్పు అని?"

"మా సార్ లాబుల వెండి పూతలే చేస్తడు. రెండు మూరలియ్యి. కండెలదొకటి, బీరువాదొకటి. రేపు తెలుస్తది."

ఇవ్వకపోతే భయపడ్డాడని అంటుంది. ఇస్తే తన మాటే నెగ్గుతుంది. అలా లెక్క వేసుకుని సిద్ధిరాములు శుక్రవారం పొద్దున బీరువా తెరిచాడు. పన్నెండో కోన్ సూరత్ నుంచి వచ్చినట్టే ఉంది. దారం కొసను కోన్ ముక్కు లోపలికి తోసి ప్లాస్టరు ముక్క అంటించారు. అది లేపి, మూరెడు కత్తిరించి, మళ్ళీ కొస లోపలికి తోసి అంటించాడు. కండె ముక్కతో కలిపి రెండూ వేరువేరు కాగితాల్లో చుట్టి ఇచ్చాడు.

సాయంత్రం కాజల్ ఒక అట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. అట్ట మీద రెండు వరసల్లో దారం ముక్కలు అంటించి ఉన్నాయి. పై వరస కండెది, కింది వరస కోన్‌ది. మొదటి ముక్క కాల్చనిది, నీలం. రెండోది ఎనభై డిగ్రీల దగ్గర వేడిచేసింది, అదీ నీలమే. మూడోది నూట ముప్పై, నీలం పోయి బూడిద గోధుమ రంగు పట్టింది. నాలుగోది నూట ఎనభై, పసుపు. పై వరసకూ కింది వరసకూ తేడా లేదు.

సిద్ధిరాములు అట్టను లైటు కింద పెట్టి చూశాడు. తిప్పి చూశాడు.

"మిషన్ తప్పు చూపించొచ్చు."

"ఇది మిషన్ చూపించింది కాదు, నీ కండ్లు చూస్తున్నయి. రంగు కొలిచే మిషన్ల గూడ పెట్టిన. రెండింటి గ్రాఫు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డయి." కాజల్ అతని ఎదురుగా కూర్చుంది. "ఇది రంగు గాదు బాపూ, అచ్చమైన వెండే. కాకపోతే మీ జరీ లెక్క తీగె గాదు. ప్లాస్టిక్ రిబ్బన్ మీద వెండి రేణువులు. వెంట్రుకను అడ్డంగ పదివేల పొరలు చీలిస్తే ఒక పొర ఎంతుంటదో, గంత పలచగ. అది రేకు లెక్క అంతటా పరుచుకోదు. బండ మీద నీళ్ళు ఒలికితే ఎట్లుంటయి? చదునుగ, వంకర టింకరగ, మడుగులు మడుగులు. గట్ల."

"ఉంటే?"

"ఆ చదును మడుగులు ఒకదాని పక్కన ఒకటి ఉన్నప్పుడు వెలుతురుల ఎరుపు, నారింజ దిక్కు మింగేస్తయి. మిగిలింది మనకు నీలంగ అగుపడ్తది. వేడి చేస్తే ప్రతి మడుగు తనను తాను దగ్గరికి గుంజుకుంటది. గుండ్రంగైతది. నడుమ జాగ పెరుగుతది. గుండ్రని రేణువులు నీలాన్ని మింగుతయి. నీలం పోతే మిగిలేది పసుపు. వెండి అదే, ఉన్న జాగల అంతే ఉన్నది. ఆకారం మారింది, అంతే."

"చల్లారితే?"

"మళ్ళ చదునుగ కాదు. ఇంకా కాలిస్తే ఆ పసుపు గూడ పలచబడి పోతది." ఆమె అట్టను అతని వైపు జరిపింది. "నీ గుండు మీద నీటి చుక్క ఎట్ల చుట్టుకుంటదో నాకంటె నీకే బాగ ఎరుక. తాత పద్ధతి జరీకి సరిపోతది. ఈ దారానికి ఆ గుండే దొంగ."

సిద్ధిరాములు లేచి బయటికి వెళ్ళి ప్రాసెస్ హౌస్‌కు ఫోన్ చేశాడు. భట్టీ ఎంత వేడి మీద నడిపారని అడిగాడు. అవతలి మనిషి చిట్టీ చూసి, నూట తొంభై అన్నాడు. దారం కొత్తగా ఉంది, తక్కువ పెట్టమంటారా అని ముందు అడిగాను కదా సేట్, మామూలు పాలిస్టర్ లెక్కనే కొట్టు, ఒక్క చుట్టులో మడతలు పోవాలి అని మీరే అన్నారు, అన్నాడతను. సిద్ధిరాములుకు ఆ మాట గుర్తుంది. భట్టీలో రెండో చుట్టు ఖర్చు మిగులుతుందని అలా అన్నాడు.

లోపలికి వచ్చేసరికి కాజల్ అలాగే కూర్చుని ఉంది. "గ్రూపుల పెట్టు. తప్పైందని."

"పెడ్త. టైమ్ చూసి పెడ్త."

"ఆయనకు టైమ్ ఉన్నదా మరి? నువ్వు పెట్టకపోతే నేను వాళ్ళుండే ఖోలీకి పోయి చెప్త."

"పో. పోయి చెప్పు. మా బాపు మూర్ఖుడు, గుడ్డ ఆయనే కాలబెట్టుకున్నడు అని చెప్పు. ముంబైవాడు రేపు మొత్తం మాల్ నా నెత్తిన రుద్దితే, అప్పుడు నీ రేణువులు తీసుకపోయి ఆయనకు చూపెట్టు." గొంతు పెంచలేదు. "సోమవారం దాక నోరు మూసుకో. సోమవారం నేనే చెప్త."

కాజల్ అట్ట తీసుకుని తన గదిలోకి వెళ్ళింది. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. అతనికి అది తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది.

శనివారం కార్ఖానాకు ముందుగా వెళ్ళి, ఎవరూ రాకముందు గుండు కాల్చాడు. బీరువాలోని కోన్ నుంచి మూరెడు తీసి అదిమిపట్టాడు. నూరు దాకా పోనక్కర్లేకపోయింది. ఎనభై దగ్గరే పసుపు తిరిగింది. కొస లోపలికి తోసి, ప్లాస్టరు అంటించి, తాళం వేశాడు.

తప్పు ఒప్పుకుంటే ఏమిటి, ఒప్పుకోకపోతే ఏమిటి అని కూర్చుని బేరీజు వేశాడు. ఒప్పుకుంటే ముంబై వ్యాపారి దగ్గర ఇకమీదట మంచి మాల్ రాదు. సేట్లు నవ్వుతారు. తండ్రి గుండు అబద్ధమాడిందంటారు. ఒప్పుకోకపోతే పోయేది కనుకయ్య పేరు ఒక్కటే, అది తన సొత్తు కాదు. పైగా వ్యాపారికి దొంగ ఒకడు దొరికాడంటే సగం కోపం అటే పోతుంది. నెల గడిచాక ఫోటో ఎవరికీ గుర్తుండదు. అప్పుడు ఎవరో ఒకరికి చెప్పి పనిలో పెట్టించవచ్చు. అలా చూస్తే అతనికి మేలే చేసినట్టవుతుంది. అంతవరకు ఆలోచించాక చాయ్ తాగాడు.

పదింటికి బుచ్చిరాములు మళ్ళీ ఫోన్ చేశాడు.

"తమ్మీ, కనుకయ్య భార్య చంద్రవ్వ మా గేటు కాడ కూసున్నది. నిన్నటి సంది. రేపు పదకొండింటికి సమాజం ఆఫీసుకు రా. వచ్చేటప్పుడు గుండు పట్టుకరా. నీ బీరువల మిగిలిన కోన్ ఒకటున్నదంట గద, అది గూడ."

"అదెందుకన్నా?"

"అందరి ముంగట అది గూడ గుండు మీద పెట్టాల్నంట. రంగు మారకపోతే ఇద్దరు గప్‌చిప్‌గ ఊరికి పోతరంట. అడిగింది సబబుగనే ఉన్నది. నీకేమన్న ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది," అన్నాడు సిద్ధిరాములు.

ఫోన్ పెట్టాక ఎక్కువసేపు కూర్చోలేదు. స్కూటర్ మీద నార్పోలి వెళ్ళి, పేరడగని ఒక దుకాణంలో చవక జరీ కోన్ కొన్నాడు. అల్యూమినియం పూత దారం. అదీ రిబ్బనులాగే చదును, అదీ మెరుపే. నీలి ఛాయ ఉండదు, కానీ ఆ ఛాయ చూసినవాళ్ళలో రేపు సమాజం ఆఫీసులో ఉండేది తను కాక ఒక్కడే, దొంగ. వాడి మాట ఎవరు నమ్ముతారు. దారం దట్టంగా పూసినది కాబట్టి వేడికి చెదరదు. అయినా ఊరికే నమ్మే మనిషి కాదు. కార్ఖానాకు తెచ్చి మూరెడు లాగి గుండు మీద నూట యాభై దాకా అదిమి చూశాడు. తెల్లగానే ఉంది. దుకాణం కాగితం చించి పారేశాడు. వదులుగా వేలాడుతున్న కొసను చుట్టు కింది పోగుకు ముడేసి, సంచిలో పెట్టుకున్నాడు. అసలు కోన్ బీరువాలోనే ఉంచాడు. ఖరీదైన సరుకు, పారేయడానికి చేతులు రాలేదు.

ఆదివారం సమాజం ఆఫీసులో ట్యూబులైట్లు వేసి ఉన్నాయి. సేట్లు పదిమంది కుర్చీల్లో కూర్చున్నారు. అందరూ ఒకప్పుడు సాంచ మీద నిలబడినవాళ్ళే. కనుకయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. నాలుగు రోజుల గడ్డం. చంద్రవ్వ నిలబడలేదు, కుర్చీ ఎవరూ ఇవ్వలేదు కాబట్టి బల్లకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఊకె కూసోబెట్టకు బుచ్చిరాములు సేటూ. పొయ్యి ముట్టియ్యి," అంది.

"నీకేం తొందరమ్మా," అన్నాడు ఒక సేటు. "పదకొండు కోన్‌లు తిన్నంక అరుగుతున్నదా?"

"మేం దారం తినలె సేటూ. నాలుగు దినాల సంది అన్నమే తినలె. అది గూడ మీరు రాసిన రాతకే."

బుచ్చిరాములు గుండును చాయ్ పొయ్యి మీద పెట్టించాడు. సిద్ధిరాములు సంచిలోంచి కోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది సూరత్ నుంచి వచ్చిందే కదా తమ్మీ?"

"వచ్చిందే."

"ఎవరన్న విప్పిన్రా?"

ఆ ప్రశ్న వస్తుందని ముందే అనుకున్నాడు. జవాబు కూడా సిద్ధంగా ఉంది. "తాళం నా దగ్గర. వచ్చింది వచ్చినట్టే ఉన్నది. దీనికి ఒకరి చెయ్యి తాకలె."

బుచ్చిరాములు కోన్ పక్క నుంచి ఒక పోగు లాగి మూరెడు కత్తిరించుకున్నాడు. గుండు మీద నీటి చుక్క వేశాడు. చుక్క చుట్టుకుని దొర్లి కింద పడింది. దారం పరిచి కర్రతో అదిమాడు. ఒక సేటు పైకి లెక్కపెట్టాడు. నూరు అయింది. కర్ర తీశారు. దారం తెల్లగా మెరుస్తోంది.

కుర్చీల్లో కదలిక వచ్చింది. "ఇగ అయిపాయె," అన్నారెవరో. చంద్రవ్వ గుండు వైపే చూస్తోంది. సిద్ధిరాములు ఆమె వైపు చూడకుండా గుండును గుడ్డలో చుట్టబోయాడు.

"ఒక్కసారి కోన్ చూస్త," అన్నాడు కనుకయ్య.

"ఏం చూస్తవ్? ఇది గూడ మారుస్తవా?"

సేట్లు నవ్వారు. బుచ్చిరాములు నవ్వలేదు. "చూడనియ్యి. ఇంతమంది ముంగట ఎటు పోతడు."

కనుకయ్య వచ్చి కోన్ చేతిలోకి తీసుకున్నాడు. దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి జార్చాడు. పెదవికి ఆనించుకున్నాడు. ఇది ఆ దారం కాదన్నా ఎవరూ నమ్మరని అతనికీ తెలుసు. కోన్ తిప్పుతూ పై నుంచి కింది దాకా చూశాడు. కింది అంచు దగ్గర అతని వేలు ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత కోన్ తెచ్చి, ఆ అంచు బుచ్చిరాములుకు కనపడేలా బల్ల మీద పెట్టాడు.

"సేటూ, పదకొండు కోన్‌లు నేను విప్పిన. సూరత్‌వాళ్ళు కొసకు ముడెయ్యరు. ముక్కు లోపలికి దోపి ప్లాస్టర్ అంటిస్తరు. దీనికి ముడున్నది."

బుచ్చిరాములు కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. గోటితో ముడిని కదిలించాడు. పక్క కుర్చీ సేటు కూడా వంగాడు. తర్వాత ఇంకొకరు. కోన్ చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. చేతులు మారేకొద్దీ గదిలో మాటలు తగ్గాయి. చివరి మనిషి దాన్ని తిరిగి బల్ల మీద పెట్టేటప్పుడు సిద్ధిరాములు వైపు చూడలేదు.

"రెండు చుట్లు," అన్నాడు మెల్లగా.

"రెండు చుట్లు ఎవరైనా వెయ్యొచ్చు," అన్నాడు సిద్ధిరాములు.

"వెయ్యొచ్చు తమ్మీ." బుచ్చిరాములు జేబు రుమాలు అంచు నుంచి ఒక తెల్ల పోగు లాగి, రెండుగా తెంపి అతని ముందు పెట్టాడు. "ఇగో. ముడెయ్యి."

వెయ్యనంటే ఒప్పుకున్నట్టే. వేస్తే, అందరూ వేసే ఒక చుట్టు ముడి వేస్తే, ఇంకా మాట్లాడే దారి ఉంటుంది. నేను రెండు చుట్ల ముడి ఎప్పుడో మానేశానని అనవచ్చు. ఒక చుట్టు ముడి సాంచ మీద కొత్తగా నిలబెట్టిన కుర్రాడికి కూడా మొదటి రోజే వస్తుంది. సిద్ధిరాములు పోగులు రెండూ తీసుకున్నాడు. కొసలు కలిపి పట్టుకుని చిటికెన వేలి మీదుగా ఒక చుట్టు తిప్పాడు. అక్కడ ఆపాలి. ఆపాలని అతను అనుకుంటూనే ఉన్నాడు. వేళ్ళు రెండో చుట్టు తిప్పి, గోటితో నొక్కి, కొసను వెనక్కి మడిచేశాయి.

బుచ్చిరాములు ఆ ముడిని తీసుకుని కోన్ పక్కన పెట్టాడు. ఎవరూ వంగి చూడలేదు.

పొయ్యి ఇంకా మండుతోంది. చంద్రవ్వ లేచి నిలబడింది.

"అసలు కోన్ తెప్పియ్యి సేటూ," అంది. "గుండు వేడిగనే ఉన్నది."

సిద్ధిరాములు చొక్కా కొంచెం పైకెత్తి, మొలతాడు ముడి విప్పి, బీరువా తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరు తీసుకోవాలో చెప్పలేదు.

కనుకయ్య తీసుకున్నాడు.